వారానికొక్క మాత్ర

అమలాపురంలో ఏ మందుల షాపు ముందు నిలబడినా అద్దాల బీరువాలో పై వరసంతా డబ్బాలే కనిపిస్తాయి. కొన్నింటి మీద కండలు తిరిగిన కుర్రాడి బొమ్మ, కొన్నింటి మీద బడికెళ్లే పిల్లల బొమ్మ. అన్నింటి మీదా రాసుండేది మాత్రం ఒకటే... 'రోగనిరోధక శక్తిని పెంచుతుంది' అని. 2020లో కరోనా వచ్చిన దగ్గర్నుంచీ ఆ మాటకున్న గిరాకీ అంతా ఇంతా కాదు. అంతకుముందు మిరియాల కషాయంతో సరిపెట్టుకున్న ఇళ్లలోకి కూడా 'ఇమ్యూనిటీ' వచ్చి కూర్చుంది. పెంచాలి, పెంచాలి, ఇంకా పెంచాలి!

అదే షాపులో కింది అరలో ఓ చిన్న అట్టపెట్టె ఉంటుంది. అందులో పసుపుపచ్చటి చిన్న మాత్రలు. వాటి పని దీనికి పూర్తిగా తల్లకిందులు. రోగనిరోధక శక్తికి కళ్లెం వేయడం! పై అర డబ్బాలు కొనేవాళ్లకి ఆ సంగతి తెలియదు. కింది అర మాత్రలు వాడేవాళ్లలోనూ చాలామందికి తెలియదు. వాళ్లకవి 'కీళ్లవాతం బిళ్లలు', అంతే.

ఆ మాత్ర పేరు మెథోట్రెక్సేట్. దాని పుట్టుకలో గోదావరి నీళ్లున్నాయి. అది పనిచేసే తీరులో మనం రోజూ తినే పప్పూ, చేపా, గుడ్డూ ఉన్నాయి. దాన్ని మింగే పద్ధతి తప్పితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

కొత్తపేటకు ఎగువన ఆత్రేయపురం. పూతరేకుల ఊరు. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రేకు తీయడం చూడ్డానికి తేలిక. బోర్లించిన కుండ కింద ఎండుటాకుల మంట, పక్కన గిన్నెలో పాలలా పలుచగా కలిపిన బియ్యప్పిండి, అందులో ముంచిన చిన్న గుడ్డ. ఆ గుడ్డను రెండు చేతులా పట్టి కుండ మీద అలా పరిచి ఇలా లాగితే చాలు, క్షణంలో రేకు లేస్తుంది. చేయబోతే తెలుస్తుంది ఎంత కష్టమో! రేకు ఎంత మందం ఉండాలో కొలిచే పరికరమేదీ లేదు. వేళ్లే కొలబద్ద.

అలాంటి వేళ్లతో పాతికేళ్లుగా రేకులు తీస్తున్న ఒకావిడకు ఓ చలికాలం పొద్దున్న గుప్పిట ముడుచుకోలేదు. చేతిలోని కాఫీ గ్లాసు జారింది. మంట దగ్గర కూర్చుంటే పదింటికల్లా వేళ్లు వదులయ్యాయి. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. రెండు చేతులకీ ఒకేలా, వేళ్ల మొదళ్ల దగ్గర ఉబ్బు. 'పొద్దస్తమానం నిప్పుల దగ్గరా, మళ్లీ చన్నీళ్లలోనూ... వాతం చెయ్యదేంటండీ' అన్నారు ఇరుగుపొరుగు. కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె రాసింది. ఊళ్లో ఆరెంపీ దగ్గర సూదులు వేయించుకుంది. సూది పడ్డ నాలుగు రోజులూ హాయిగా ఉండేది, తర్వాత మామూలే. రేకులు చిరగడం మొదలైంది. చిరిగిన రేకుకు డబ్బులెవరిస్తారు?

ఆర్నెల్లు చూసి కొడుకు రాజమండ్రి తీసుకెళ్లాడు. రక్తపరీక్షలయ్యాక కీళ్ల డాక్టరు పేరు చెప్పాడు... రుమటాయిడ్ ఆర్థ్రైటిస్.

"ఒంట్లో బలం లేకే కదండీ ఇలా?" అంది ఆవిడ.

"బలం చాలక కాదమ్మా, బలం దారి తప్పి" అన్నాడాయన. "ఇంటికి కాపలా పెట్టుకున్న కుక్క ఇంటివాళ్లనే కరుస్తోంది."

"ఆయ్... మరి కుక్కని కట్టెయ్యాలి గదండీ!"

సరిగ్గా అదే. కట్టేయాలి, చంపకూడదు. రేపు నిజంగా దొంగొస్తే అరవడానికి కుక్క ఉండాలి కదా. ఆ కట్టుతాడే ఈ మాత్ర. ఆ తాడు దేంతో పేనారో తెలియాలంటే మన ఒంట్లోని కాపలా కణాలు ఏం తింటాయో తెలియాలి.

మనం తిన్న పప్పు ఒంట్లో పప్పుగా ఉండదు. చేప చేపగా ఉండదు. వాటిలోని మాంసకృత్తులు కడుపులోనూ పేగుల్లోనూ విడిపోయి అమైనో ఆమ్లాలుగా మారతాయి. మన మాంసకృత్తులన్నీ ఇరవై రకాల అమైనో ఆమ్లాలతోనే తయారవుతాయి. తెలుగు రాతంతా యాభై చిల్లర అక్షరాలతో సాగిపోయినట్టు. ఆ ఇరవైలో తొమ్మిదింటిని పెద్దవాళ్ల శరీరం సొంతంగా తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. బియ్యంలో లైసిన్ అనేది తక్కువ. పప్పుల్లో అది దండిగా ఉంటుంది. పప్పుల్లో మిథియోనిన్ తక్కువ, బియ్యం ఆ లోటు తీరుస్తుంది. పప్పన్నం అనే మాటలో రెండూ కలిసి ఉండటం ఊరికే కాదు.

ఈ అమైనో ఆమ్లాలు కండలు పెంచడానికే అనుకుంటారు చాలామంది. డబ్బా మీద బొమ్మ కూడా అలాంటిదే మరి! నిజానికి వీటికోసం ఒంట్లో ఎక్కువగా ఆవురావురుమనే వాటిలో రోగనిరోధక కణాలొకటి. టి-కణం అనే తెల్లరక్తకణం సంగతే చూడండి. మామూలు రోజుల్లో అది కునుకు తీస్తూ రక్తంలో తిరుగుతుంటుంది. దాని తిండి కూడా అంతంతమాత్రం. తనకు సంబంధించిన శత్రువు కనిపించిందా... లేస్తుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, కొద్ది రోజుల్లోనే వేలవుతాయి. పెళ్లివారొచ్చి దిగినట్టు! అన్ని కణాలు తయారవ్వాలంటే సరుకు కావాలి. అందుకని ఆ కణం తన పొరలో ఉన్న వాకిళ్లన్నీ బార్లా తెరుస్తుంది. గ్లుటమిన్, లూసిన్, అర్జినిన్, ట్రిప్టోఫాన్, సెరీన్... అన్నీ లోపలికి లాక్కుంటుంది. ఇందులో ఏ ఒక్కటి అందకపోయినా వంట ఆగిపోతుంది.

లోపల ఓ లెక్కలగుమాస్తా కూడా ఉంటాడు. లూసిన్ వచ్చిందా, అర్జినిన్ వచ్చిందా అని చూసి, సరుకు సరిపోతేనే 'పెరగండి' అని చీటీ రాసిస్తాడు. ఈ గుమాస్తాను శాస్త్రవేత్తలు కనుక్కున్నది కూడా ఓ మందు పుణ్యమా అనే. 1964లో పసిఫిక్ సముద్రం మధ్యలోని ఈస్టర్ దీవికి వెళ్లిన వైద్య బృందం అక్కడి మట్టి తెచ్చింది. ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి కెనడాలో పనిచేస్తున్న సురేన్ సెహగల్ అనే భారతీయ శాస్త్రవేత్తా ఆయన సహచరులూ ఓ పదార్థాన్ని వేరుచేశారు. ఆ దీవి అసలు పేరు రాపా నుయి. దాంతో మందు పేరు రాపమైసిన్ అయింది. అది గుమాస్తా చేయి పట్టుకుని ఆపేస్తుంది. 1999 నుంచి మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవాళ్లకు దాన్ని వాడుతున్నారు, కొత్త అవయవాన్ని ఒళ్లు తోసిపుచ్చకుండా. ఆ గుమాస్తాకి కూడా మందు పేరే వచ్చింది, ఎమ్‌టార్ అని. ఇంటాయన పేరుతో కాక ఇంటికొచ్చిన చుట్టం పేరుతో ఇంటిని పిలిచినట్టు.

ఇందులో అసలు విశేషం ఏమిటంటే, సరుకు ఆపి కణాలను అదుపు చేసే ఉపాయం మందుల కంపెనీలు కనిపెట్టింది కాదు. ఒళ్లే ఆ పని చేస్తుంది. గాయం మానే చోట కొన్ని కణాలు అర్జినేజ్ అనే ఎంజైమును వదిలి చుట్టుపక్కల ఉన్న అర్జినిన్‌ను విరిచేస్తాయి. అక్కడికి చేరిన టి-కణాలకు ఆ సరుకు దొరకదు, జోరు తగ్గుతుంది. గొడవ సద్దుమణుగుతుంది. క్యాన్సర్ గడ్డ కూడా ఈ కిటుకునే దొంగిలించి తన చుట్టూ ఉన్న కాపలాదారులను నీరసపెడుతుంది, అది వేరే కథ.

మన పసుపుపచ్చ మాత్ర పట్టుకున్నది సెరీన్ దారిని.

సఖినేటిపల్లి రేవు దగ్గర గోదావరి దాటినవాళ్లకు పంటు గురించి చెప్పక్కర్లేదు. జనమూ, బళ్లూ అన్నీ ఎక్కుతాయి, అవతలి గట్టున దిగిపోతాయి. పంటు మళ్లీ ఖాళీగా వెనక్కి రావాలి. కణంలో ఫోలేట్ అనే బి-విటమిన్ చేసే పని అచ్చంగా ఇదే. సెరీన్ అనే అమైనో ఆమ్లం తనలోంచి ఒక్క కార్బన్ అణువును ఇస్తుంది. ఇచ్చి తాను గ్లైసిన్‌గా మారిపోతుంది. ఆ కార్బన్‌ను ఫోలేట్ ఎక్కించుకుని డీఎన్ఏ తయారయ్యే చోట దింపుతుంది. డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన థైమిన్‌ను కట్టడానికి ఆ కార్బన్ కావాలి. దింపాక ఫోలేట్ నీరసించిన రూపంలో ఉంటుంది. దాన్ని మళ్లీ ప్రయాణానికి సిద్ధం చేసే ఎంజైము ఒకటుంది. మెథోట్రెక్సేట్ చూడ్డానికి అచ్చం ఫోలేట్‌లాగే ఉంటుంది. వెళ్లి ఆ ఎంజైము ఒళ్లో కూర్చుని లేవదు. పంటులన్నీ అవతలి గట్టునే ఉండిపోతాయి. రేవులో సెరీన్ ఎంత నిలబడినా లాభం లేదు. కొత్త డీఎన్ఏ లేకపోతే కణం రెండుగా చీలదు.

కీళ్లవాతానికి ఇచ్చే చిన్న మోతాదులో దీంతోపాటు ఇంకొకటి కూడా జరుగుతుంది. అడినోసిన్ అనే పదార్థం కణాల బయట పోగుపడి మంటను చల్లారుస్తుంది. కీళ్ల విషయంలో అదే ముఖ్యమని చాలామంది శాస్త్రవేత్తల మాట. కుక్కకి తిండి తగ్గించడంతోపాటు నెమ్మదిగా వీపు నిమరడం అన్నమాట!

ఇంతకీ ఈ అచ్చం ఫోలేట్‌లాంటి దాన్ని తయారుచేయాలన్న ఆలోచన ఎవరిది? దానికి రాజోలు నుంచి బయల్దేరాలి. దిండి దగ్గర చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా వెళ్తే భీమవరం. 1895 జనవరి 12న అక్కడ పుట్టారు యల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు చొక్కా తొడుక్కున్నందుకు దొరల ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటపట్టక, విరేచనాలతో, రక్తం లేక మనిషి చిక్కి శల్యమైపోయే జబ్బది. సుబ్బారావుకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. తర్వాత అమెరికా వెళ్లారు. హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి ఆయన చేసిన ఫాస్ఫరస్ పరీక్షను జీవరసాయన శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థీ చేసే ఉంటాడు. అంత చేసినా అక్కడ ఉద్యోగం స్థిరం కాలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారారు.

ఫోలిక్ ఆమ్లం ఆనవాళ్లు దొరికింది కూడా మన దేశంలోనే. 1930ల మొదట్లో బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ గమనించింది. అందులో ఉన్న ఆ పదార్థాన్ని శుద్ధిగా కృత్రిమంగా తయారుచేసిన ఘనత 1945లో సుబ్బారావు బృందానిది. అన్నదమ్ములను మింగిన స్ప్రూకి పనికొచ్చే మందు అలా చేతికొచ్చింది.

తర్వాతి మలుపు ఇంకా గొప్పది. బోస్టన్‌లో పిల్లల పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్‌కి ఓ అనుమానం వచ్చింది. లుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే జబ్బు ఇంకా విజృంభిస్తున్నట్టుంది. అంటే దాన్ని అడ్డుకుంటే? సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లం ఆకారంలో చిన్న మార్పు చేసి అమినోప్టెరిన్ ఇచ్చింది. 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు. మందులతో పిల్లల లుకేమియాను వెనక్కి నెట్టడం అదే మొదలు. దానికి తమ్ముడే మెథోట్రెక్సేట్. అదే ఏడాది ఆగస్టు 8న, 53 ఏళ్లకే సుబ్బారావు కన్నుమూశారు. తన మందు కీళ్లకు పనికొస్తుందని ఆయనకు తెలియదు. 1951లోనే కొందరు డాక్టర్లు అమినోప్టెరిన్‌ను కీళ్లవాతం మీద ప్రయోగించి బాగుందన్నారు. అప్పటికి లోకమంతా కార్టిజోన్ మత్తులో ఉంది. ఎవరు వింటారు? అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి ఒప్పుకున్నది 1988లో! నలభై ఏళ్లు అరలో పడుంది.

బోదకాలుకు ఇచ్చే డీఈసీ మాత్ర కూడా లెడర్లీలో సుబ్బారావు నాయకత్వంలో వచ్చిందేనని గోదావరి జిల్లాల్లో ఎంతమందికి తెలుసు? ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి, ఎదురుగా నిలబడి మింగించిన మాత్ర అది.

మళ్లీ ఆత్రేయపురానికి వద్దాం. మాత్ర మొదలుపెట్టిన మూడు నెలలకు ఆవిడ గుప్పిట ముడుచుకుంది. వారానికొక్కసారి, సోమవారం రాత్రి మెథోట్రెక్సేట్. రెండు రోజులాగి ఫోలిక్ ఆమ్లం మాత్ర. 'ఆపేదొకటి, ఇచ్చేదొకటి... ఇదేం వైద్యం' అని కొడుకు నవ్వాడట. నిజానికి నోరు, పేగులు, ఎముకమజ్జ... ఇవన్నీ కూడా నిత్యం కొత్త కణాలు పుట్టించుకునేవే. పంటు ఆగితే వాటికీ ఇబ్బందే. వాటిని కాస్త గట్టెక్కించడానికే ఆ ఫోలిక్ మాత్ర. ఇద్దరికీ పడకపోయినా ఇద్దరినీ పిలవాల్సిన పెళ్లిలాంటిది ఈ వైద్యం.

నాలుగోసారి మాత్రలు తెచ్చినప్పుడు తేడా వచ్చింది. చీటీ ఇంగ్లీషులో ఉంది. 'మండే' అనడానికి మొదటి మూడక్షరాలే ఉన్నాయి. కౌంటర్లో ఉన్న కుర్రాడు దాన్ని 'మార్నింగ్' అనుకున్నాడు. కవరు మీద పొద్దున అన్న గుర్తుగా గీత గీసిచ్చాడు. మందు మోతాదు మార్చారు కాబోలనుకుంది ఆవిడ. రోజుకొకటి చొప్పున మింగింది.

వారం తిరిగేసరికి నోరంతా పుండ్లు. కారం తగిల్తే కళ్లనీళ్లు. 'వేడి చేసింది' అన్నారందరూ. కోనసీమలో వేడి చేస్తే వైద్యానికేం కొదవ? కొబ్బరిబోండాలు, సబ్జా నీళ్లు, పల్చటి మజ్జిగ. అదీ మింగుడుపడలేదు. తొమ్మిదో రోజు జ్వరం. పళ్లు తోముకుంటే చిగుళ్లలోంచి ఆగని నెత్తురు.

పట్టుకున్నది కోడలు. అప్పుడామెకు అయిదో నెల. ఇంట్లో మందులన్నీ ఒకే బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. మొదటి మూడు నెలల్లో ఆమె వేసుకోగా మిగిలిన ఫోలిక్ మాత్రలు, అత్తగారి ఫోలిక్ మాత్రలు, అత్తగారి మెథోట్రెక్సేట్... అన్నీ చిన్నవే. అన్నీ పసుపుపచ్చవే! 'అత్తయ్యా, ఇది నెలకి సరిపోవాల్సిన అట్ట కదా, అప్పుడే ఎలా అయిపోయింది?' అని అడిగిందట. ఆ ఒక్క ప్రశ్నే లేకపోతే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. పెద్దాసుపత్రిలో పరీక్ష చేస్తే తెల్లకణాలు అడుగంటాయి, ప్లేట్‌లెట్లూ పడిపోయాయి.

ఇక్కడ ఓ మెలిక. విరుగుడు ఫోలిక్ ఆమ్లమే కదా, గుప్పెడు మింగిస్తే పోదా అనిపిస్తుంది. పోదు. ఫోలిక్ ఆమ్లం పంటుగా మారాలంటే అదే ఎంజైము చేతిలోంచి వెళ్లాలి. దాని ఒళ్లో మెథోట్రెక్సేట్ కూర్చునుంది కదా! అందుకని ఆ ఎంజైముతో పనిలేకుండా నేరుగా రేవులో దిగే రూపం ఇస్తారు. దాని పేరు ఫోలినిక్ ఆమ్లం, డాక్టర్లు లూకోవోరిన్ అంటారు. ఆరేసి గంటలకొకటి చొప్పున ఆ ఇంజెక్షన్లు పడ్డాక, జ్వరానికి మందులు పడ్డాక, రెండు వారాలకు ఆవిడ ఇల్లు చేరింది.

ఈ పొరపాటు ఆత్రేయపురానికే ప్రత్యేకం కాదు. వారం మాత్రను రోజూ మింగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. అందుకే కొందరు డాక్టర్లు సోమవారం జోలికే పోరు. వారం పేరు పూర్తిగా, రోగి చదవగల భాషలో రాయడానికి ఎంత సిరా ఖర్చవుతుంది?

ఆసుపత్రిలో ఉండగానే కోడలు డాక్టరమ్మను ఓ మాట అడిగింది. 'ఆ డబ్బాలోంచి పొరపాటున ఆ మాత్రే నేను వేసుకునుంటే?' ఆవిడ కాసేపు మాట్లాడలేదట. గర్భంలో బిడ్డ అంటేనే క్షణక్షణం చీలే కణాల ముద్ద. ఫోలేట్ అందకపోతే గర్భం నిలవకపోవచ్చు, నిలిచినా అవయవాలు సరిగా రాకపోవచ్చు. అందుకే పిల్లలు కావాలనుకునే స్త్రీలు ఈ మందును నెలల ముందే డాక్టరు సలహాతో మానేయాలి. ఒకే డబ్బాలో కడుపులోని బిడ్డకు కావాల్సిన మాత్రా, ఆ బిడ్డకు శత్రువైన మాత్రా పక్కపక్కనే పడున్నాయి.

గర్భం మాటొచ్చింది కాబట్టి... కీళ్లవాతం ఉన్న చాలామంది స్త్రీలకు కడుపుతో ఉన్నప్పుడు నొప్పులు వాటంతటవే తగ్గుతాయి. కానుపయ్యాక మళ్లీ తిరగబెడతాయి. కార్టిజోన్‌తో నోబెల్ అందుకున్న ఫిలిప్ హెంచ్ 1938లోనే దీన్ని రాశాడు. ఇంకో చిక్కుప్రశ్న కూడా ఉంది. బిడ్డలో సగం తండ్రిది. పరాయి మూత్రపిండాన్ని తోసిపుచ్చే ఒళ్లు, సగం పరాయి అయిన బిడ్డను తొమ్మిది నెలలు ఎలా ఊరుకుంటుంది?

1998లో అమెరికాలోని జార్జియాలో డేవిడ్ మన్, ఆండ్రూ మెల్లర్ అనే ఇద్దరు దీనికి ఓ జవాబు చూపించారు. మాయలోని కొన్ని కణాలు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని కరిగించేస్తాయి. చుట్టూ ఉన్న తల్లి టి-కణాలకు అది దొరకదు, అవి చీలలేవు. చుండెలుకల్లో ఆ ఎంజైమును మందుతో అడ్డుకుంటే, తండ్రి పోలిక ఉన్న పిల్లల గర్భాలు పోయాయి. తండ్రీ తల్లీ ఒకే జాతివైతే ఏమీ కాలేదు! ట్రిప్టోఫాన్ విరగ్గా వచ్చే పదార్థాలు కూడా ఊరుకోవు. గొడవలు సర్దిచెప్పే ఒక రకం టి-కణాలను అవి ప్రోత్సహిస్తాయి. ఆ సర్దుబాటు కణాలను కనిపెట్టినందుకే 2025లో సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్‌లకు వైద్యంలో నోబెల్ దక్కింది. మనుషుల్లో అంతా ఇలాగే జరుగుతుందని మాత్రం అనేయలేం. ఆ ఎంజైమును అడ్డుకుంటే క్యాన్సర్ మీద టి-కణాలు విరుచుకుపడతాయన్న ఆశతో చేసిన పెద్ద ప్రయోగం 2018లో విఫలమైంది. చుండెలుక వేరు, మనిషి వేరు.

ట్రిప్టోఫాన్ నడిచే ఆ దారి చివర నియాసిన్ అనే విటమిన్ ఉంటుంది. అది చాలకపోతే పెల్లాగ్రా. ఎండ తగిలిన చోటల్లా చర్మం కమిలిపోతుంది, విరేచనాలు, ముదిరితే మతి చలిస్తుంది. అన్నం తినే కోనసీమకు ఆ జబ్బు పరిచయం లేదు గానీ, జొన్నలే ఆధారమైన తెలంగాణ పేదలకు తెలుసు. జొన్నల్లో లూసిన్ ఎక్కువై ట్రిప్టోఫాన్ దారిని చెడగొడుతోందని హైదరాబాద్ పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకాంతియా 1960లో రాశారు. దాని మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. అయినా ఒక్క అమైనో ఆమ్లం ఎక్కువైతే ఇంకోదాని లెక్క తప్పవచ్చన్న ఆలోచన మన గడ్డ మీద అప్పుడే మొదలైంది. గుప్పెడు పొడి పాలలో కలుపుకుని 'ఇమ్యూనిటీ' పెంచుకుంటున్నవాళ్లు దీన్నొకసారి గుర్తు చేసుకోవచ్చు. పూటకింత పప్పో చేపో గుడ్డో తినే మనిషికి ఆ డబ్బా కొత్తగా ఇచ్చేదేమీ లేదు. రోగనిరోధక శక్తి ట్యాంకు కాదు, ఇంకో రెండు బిందెలు పోస్తే నిండటానికి.

నిజంగా తక్కువైనవాళ్లు వేరే ఉన్నారు. మాంసకృత్తులు అందని పసిపిల్లల్లో టి-కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది. తట్టూ, విరేచనాలూ ఆ పిల్లలనే ముందు తీసుకుపోతాయి. అంగన్‌వాడీలో, బడి భోజనంలో ఇచ్చే ఆ ఒక్క గుడ్డుకు ఉన్న విలువ పై అరలోని డబ్బాలన్నింటికీ కలిపినా లేదు. దాని మీద ఎవరూ బొమ్మ వేసి అమ్మరు కాబట్టి తెలియదు.

ఆవిడకు మళ్లీ అదే మాత్ర మొదలుపెట్టారు, రక్తం పూర్తిగా కుదుటపడ్డాక, తక్కువ మోతాదుతో. ఈసారి ఆదివారం. చీటీ మీద తెలుగులో 'ఆదివారం మాత్రమే' అని రాయించుకుని వచ్చింది కోడలు. ఆ అట్ట బిస్కెట్ల డబ్బాలో ఉండటం లేదు, అటక మీద వేరే డబ్బాలో ఉంటోంది. తీసిచ్చేది కొడుకే. మూడు నెలలకోసారి రక్తపరీక్ష. మనవరాలు పుట్టింది.

రేకులు తీయడం మాత్రం మానేసింది. కుండ దగ్గర ఇప్పుడు వేరే ఆమె కూర్చుంటోంది. ఆవిడ నెయ్యి రాసి, బెల్లం తురుము చల్లి, మడతలు పెడుతోంది. రోజుకెన్ని చుట్టగలదన్నది ఆ పూట గుప్పిట ఎన్నింటికి వదులవుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈమధ్య ఏడున్నరకల్లా వదులవుతోంది.